వకీలు నోటికి తాళం ఉంది, కేసు కట్టకు?

రోడ్డు ప్రమాదంలో ఇంటి మనిషిని పోగొట్టుకున్న కుటుంబం పరిహారం కోసం నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో వకీలును కలిస్తే ముందుగా ఆయన టేబుల్ మీదికి చేరేవి ఇవి: ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఆసుపత్రి బిల్లులు, ఇంట్లో అందరి ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుబుక్ మొదటి పేజీ, చనిపోయిన మనిషి సంపాదన తేల్చే కాగితాలు. 65వ నంబరు జాతీయ రహదారి నల్లగొండ, సూర్యాపేట జిల్లాల గుండా, 44వ నంబరు రహదారి పాలమూరు (మహబూబ్‌నగర్) గుండా పోతున్నాయి కనుక ఈ రకం కేసులకు ఇక్కడ కొదవ లేదు. భూమి తగాదా అయితే కట్ట ఇంకా లావు. పట్టాదారు పాసుబుక్, లింకు డాక్యుమెంట్లు, అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలతో ఉన్న సేల్ డీడ్ నకలు అందులో ఉంటాయి. సివిల్ డిక్రీ అమలుకు చట్టం ఇచ్చిన గడువే 12 ఏళ్లు. అంటే కేసు గెలిచాక కూడా ఆ కట్ట అంతకాలం ఎవరో ఒకరి బీరువాలో ఉండాల్సిందే.

లా ఫర్మ్ అనగానే హైదరాబాద్‌లో అద్దాల మేడ, రిసెప్షన్, కంప్యూటర్ సర్వర్ గుర్తొస్తాయి. జిల్లా కోర్టుల దగ్గర ఆ పేరుతో కనిపించేవి తక్కువ. ఇక్కడ ఆఫీసంటే ఒక సీనియర్, ఒకరిద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా, కోర్టుకు నడిచివెళ్లే దూరంలో ఒక అద్దె గది. మిగతా పనంతా బయట జిరాక్స్ దుకాణంలో, డీటీపీ సెంటర్‌లో, నోటరీ బల్ల దగ్గర జరుగుతుంది. కక్షిదారు సమాచారం ఎంత భద్రంగా ఉందో తేల్చాలంటే గది లోపల ఏం జరుగుతుందో, బయట ఏం జరుగుతుందో విడివిడిగా చూడాలి. చట్టం లోపలిదాన్ని 150 ఏళ్లకు పైగా కాపాడుతోంది. బయటిదాని మీద దాని చూపు ఈ మధ్యే పడింది, అదీ సగమే.

1872 నాటి సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ వచ్చింది. సారం మారలేదు. కేసు పని మీద కక్షిదారు తనకు చెప్పిన మాటను, చూపిన కాగితంలోని విషయాన్ని, తాను ఇచ్చిన సలహాను కక్షిదారు ఒప్పుకుంటే తప్ప వకీలు బయటపెట్టకూడదు. కేసు ముగిసినా, వకాలత్ మరొకరికి మారినా ఈ బాధ్యత తీరిపోదు. గుమాస్తాలకూ, ఆఫీసు ఉద్యోగులకూ, భాష మార్చి చెప్పే దుబాసీలకూ ఇదే కట్టుబాటు. మినహాయింపులు రెండే. అక్రమానికి సాయం కోరుతూ చెప్పిన మాటకు రక్షణ లేదు. వకీలు కేసు చేపట్టిన తర్వాత నేరమో మోసమో జరిగిందని ఆయన కంటబడితే దానికీ లేదు. అయిపోయిన నేరం గురించి కక్షిదారు నిజం ఒప్పుకుంటే మాత్రం ఆ మాట వకీలు దగ్గరే ఆగిపోవాలి.

ఈ రక్షణకు 2025లో గట్టి పరీక్షే ఎదురైంది. కక్షిదారులకు ఇచ్చిన సలహాల గురించి చెప్పమంటూ ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) ఇద్దరు సీనియర్ న్యాయవాదులకు సమన్లు పంపింది. దేశమంతా న్యాయవాద సంఘాలు మండిపడటంతో వాటిని వెనక్కి తీసుకుంది. సుప్రీంకోర్టు తనంతట తానే విషయాన్ని చేపట్టి, అదే ఏడాది అక్టోబర్ 31న జస్టిస్ బి.ఆర్. గవాయ్ నాయకత్వంలోని ముగ్గురు జడ్జీల ధర్మాసనంతో తీర్పు చెప్పింది. మినహాయింపుల కిందికి వస్తే తప్ప, కేసు వివరాల కోసం దర్యాప్తు అధికారి వకీలుకు సమన్లు ఇవ్వకూడదు. ఇవ్వాల్సివస్తే ఏ మినహాయింపు కిందో ఆ సమన్లలోనే రాయాలి, ఎస్పీ హోదాకు తగ్గని అధికారి లిఖితపూర్వక ఆమోదం ఉండాలి. మిర్యాలగూడలో ఎస్సై తలుచుకున్నంత మాత్రాన మీ వకీలును స్టేషన్‌కు పిలిచి మీ సంగతులు అడగడం కుదరదన్నమాట.

ఇదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, దాని మీద చర్చ తక్కువ జరిగింది. వకీలు దగ్గరున్న డాక్యుమెంట్లను హాజరుపరచమంటే 132వ సెక్షన్ అడ్డురాదు. ఆ కాగితాలు పోలీసుల చేతికి కాక కోర్టు ముందుకు రావాలి, అంతే. వకీలు ఫోనైనా ల్యాప్‌టాప్ అయినా అంతే. కోర్టు కక్షిదారుకు నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు వినాలి. తెరవక తప్పదనుకుంటే కక్షిదారు, వకీలు ఎదుటే తెరవాలి. అదే ఫోన్‌లో ఉన్న మిగతా కక్షిదారుల గుట్టు బయటపడకూడదు. మాటకు ఉన్నంత రక్షణ కాగితానికి లేదని దీన్నుంచి మనం గ్రహించాలి.

ఇక గది బయటికి వద్దాం. దావాను టైపు చేసేది డీటీపీ ఆపరేటర్. ఆధార్, పాసుబుక్ ఫొటోలు చేరేది తరచు ఆ సెంటర్ వాట్సాప్ నంబరుకే. ప్రింటు తీశాక ఆ ఫైలు కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. వచ్చే వాయిదాకు కౌంటర్ రాయాల్సి వస్తే మళ్లీ పనికొస్తుందని ఎవరూ తీసేయరు. ఎదుటి పక్షం వకీలు కూడా అదే సెంటర్‌లో టైపు చేయించుకుంటే రెండు పక్షాల కాగితాలూ ఒకే డెస్క్‌టాప్ మీద పక్కపక్కనే ఉంటాయి. ఆ ఆపరేటర్ వకీలుకు ఉద్యోగి కాదు కనుక 132వ సెక్షన్ కట్టుబాటు ఆయన మీద ఉందని చెప్పడం కష్టం. ఆయన దుర్మార్గుడని నా ఉద్దేశం కాదు. పేజీకి ఇన్ని రూపాయలని పని చేసే మనిషికి మీ రహస్యం కాపాడే బాధ్యత ఎవరూ అప్పజెప్పలేదు, అంతే.

కాగితం మీది వేలిముద్ర ఎంత దూరం పోగలదో తెలంగాణ 2018లోనే చూసింది. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి డాక్యుమెంట్లు దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, ఆధార్ నంబర్లు జోడించి వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ప్రభుత్వ వెబ్‌సైట్లో దొరికిన ఆ డాక్యుమెంటు నకళ్లే భూమి కేసు కట్టల్లో ఉండేవి కూడా. వకీలు సంచీలో ఒకటి, జూనియర్ దగ్గర ఒకటి, ఎదుటి పక్షానికి ఇచ్చింది ఒకటి, కోర్టులో దాఖలు చేసింది ఒకటి. 2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్‌లోకే ఒక కుర్రాడు చొరబడ్డాడు. పోలీసు శాఖ గతే అలా ఉంటే కోర్టు సందులోని పాత డెస్క్‌టాప్ గురించి చెప్పాలా?

కొన్ని కేసుల్లో పేరొక్కటి పొక్కినా చాలు, నష్టం జరిగిపోతుంది. 2019 నవంబర్‌లో షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి అత్యాచారం, హత్య ఘటనలో బాధితురాలిని ‘దిశ’ అనే పిలవాలని పోలీసులు చెప్పేసరికే అసలు పేరు, ఫొటో లక్షల ఫోన్లలోకి పాకిపోయాయి. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు అంతకు ఏడాది ముందే, 2018 డిసెంబర్‌లో, స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద దీనికి 2 ఏళ్ల వరకు జైలు. పత్రికలకే కాదు, ఛార్జిషీటు పేజీని ఫొటో తీసి గ్రూపులో పెట్టే ఎవరికైనా ఇది వర్తిస్తుంది.

కొత్త చట్టం సంగతి చూద్దాం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం దొరికింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అక్కడినుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో, అమల్లోకి వస్తాయి. పత్రికల హెడ్డింగుల్లోకి ఎక్కింది ఒక్క అంకె: రూ. 250 కోట్లు. సమాచారానికి తగిన భద్రత కల్పించని సంస్థకు పడగల గరిష్ఠ జరిమానా ఇది. నల్లగొండ వకీలుకు ఇంత పడుతుందని ఎవరూ అనుకోవడం లేదు. తప్పు తీవ్రతను, జరిమానా వల్ల కలిగే ప్రభావాన్ని చూసే దాన్ని వేయాలని చట్టమే చెబుతోంది. ఆ అంకె కంటే దాని చుట్టూ ఉన్న షరతులే మనకు ముఖ్యం.

మొదటిది, ఇది డిజిటల్ సమాచారానికే. తాడుతో కట్టి బీరువాలో పెట్టిన కాగితానికి ఈ చట్టం లేదు. దాన్ని స్కాన్ చేస్తే, ఫొటో తీసి పంపితే వస్తుంది. రెండోది, చట్టబద్ధమైన హక్కు సాధించుకోవడానికి అవసరమైన సమాచారానికి 17వ సెక్షన్ చాలా మినహాయింపులు ఇచ్చింది. అది న్యాయమే. లేకపోతే ప్రతివాది ‘నా పేరు, చిరునామా వాడటానికి ఒప్పుకోను’ అంటే ఎవరి మీదా దావా వేయలేం. మినహాయింపు ఇచ్చినా భద్రత కల్పించే బాధ్యతను మాత్రం వదల్లేదు, 250 కోట్ల నిబంధన దానికి సంబంధించిందే. అయితే సమాచారం లీకైతే సంబంధిత మనిషికి ఆలస్యం లేకుండా చెప్పాలి, డేటా రక్షణ బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి అనే బాధ్యత ఉంది చూడండి, అది మినహాయింపులోకి వెళ్లిపోయింది. బ్యాంకు నుంచి మీ వివరాలు పోతే బ్యాంకు మీకు చెప్పాలి. దావా కోసం వకీలుకు ఇచ్చిన అవే వివరాలు పోతే, ఈ చట్టం ప్రకారం చెప్పక్కర్లేదు. నా మటుకు నాకు ఇది చట్టంలో పెద్ద లోటుగానే కనిపిస్తోంది.

మూడోది డబ్బు. జరిమానా ఎంత పడినా ఆ సొమ్ము భారత సంచిత నిధికి పోతుంది. నష్టపోయిన కక్షిదారుకు వచ్చేది సున్నా. ఐటీ చట్టం 43ఏ సెక్షన్ కింద నష్టపరిహారం అడిగే దారి ఒకటి ఉంది, ఆ సెక్షన్ పరిధిలోకి వృత్తి చేసుకునే చిన్న ఆఫీసులూ వస్తాయి. కొత్త చట్టం పూర్తిగా అమలైన రోజు ఆ సెక్షన్ రద్దవుతుంది. వినియోగదారుల ఫోరానికి పోదామంటే, వకీళ్ల సేవలు ఆ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే 14న తేల్చేసింది. మిగిలింది సివిల్ దావా, లేదా రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద కౌన్సిల్ వకీలును మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, జాబితా నుంచి పేరే కొట్టేయవచ్చు. కక్షిదారు నమ్మకాన్ని దుర్వినియోగం చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధనలు సూటిగానే చెబుతాయి.

పెద్ద సంస్థలు ఎలా దెబ్బతిన్నాయో చూస్తే భద్రత అంటే ఏమిటో తెలుస్తుంది. పనామాలోని మోసాక్ ఫొన్సెకా నుంచి 2016లో 1.15 కోట్ల డాక్యుమెంట్లు బయటపడ్డాయి. రెండేళ్లకు ఆ సంస్థ మూతబడింది. మనకు దగ్గరగా అనిపించేది మాత్రం ఇంగ్లండ్‌లో క్రిమినల్ కేసులు చూసే టకర్స్ అనే ఫర్మ్ కథ. 2020 ఆగస్టులో దుండగులు దాని కంప్యూటర్లలో 9,72,191 ఫైళ్లకు తాళం వేశారు. వాటిలో 24,712 కోర్టు కట్టలకు చెందినవి. 60 కట్టలను ఇంటర్నెట్ చీకటి సందుల్లో పరిచేశారు. 2022లో అక్కడి సమాచార కమిషనర్ 98,000 పౌండ్లు, అంటే సుమారు కోటి రూపాయల, జరిమానా వేశారు. తప్పులు మూడు: లాగిన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ లేదు, భద్రత అప్‌డేట్ 5 నెలలు ఆలస్యమైంది, పాత కట్టలను సంకేత రూపంలో దాచలేదు. ఈ మూడింటిలో మొదటి రెండూ సరిదిద్దుకోవడానికి నల్లగొండ ఆఫీసుకు రూపాయి ఖర్చు లేదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత 55.04 శాతం, నల్లగొండలో 64.20 శాతం. పాలమూరు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అట్టడుగున ఉంది. బూర్గుల రామకృష్ణారావు, సురవరం ప్రతాపరెడ్డి లాంటి పాలమూరు బిడ్డలు వకాలత్ చదివిన రోజుల్లో నిజాం కోర్టు ఉర్దూలో నడిచేది. ఇప్పుడు కట్టలో సగం ఇంగ్లిషు. చదవలేని మనిషి అప్పుడూ ఇప్పుడూ గుమాస్తా ‘ఇక్కడ వేలు పెట్టు’ అన్నచోట పెడుతున్నాడు. ఖాళీ వకాలత్ మీద, ఖాళీ తెల్ల కాగితం మీద సంతకం తీసుకునే అలవాటు ఈ రెండు జిల్లాల్లోనే కాదు, అన్నిచోట్లా ఉంది. ‘మళ్లీ మళ్లీ రాలేడు కదా’ అని దానికి సాకు. బొంబాయికో పుణెకో వలసపోయిన కూలీ ప్రతి వాయిదాకూ రాలేని మాట నిజమే. అయినా ఖాళీ కాగితం మీద సంతకం ఇవ్వకండి.

వకీలు దగ్గరికి వెళ్తున్నవారు ఇంకొన్ని చేయొచ్చు. గుర్తింపు కోసమే అయితే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. జిరాక్స్ మీద ఏ కేసు కోసం ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో అడ్డంగా రాయండి. కాగితాలు పంపాల్సి వస్తే వకీలు సొంత నంబరుకే పంపండి. డీటీపీ సెంటర్లో పని అయ్యాక మీ ఫైలు మీ ముందే తీసేయమనండి. సర్టిఫైడ్ కాపీలు కాక ఒరిజినల్స్ ఇవ్వాల్సి వస్తే రసీదు రాయించుకోండి. వకీళ్లు కూడా ఆఫీసుకు వేరే నంబరు, వేరే ఈమెయిల్ పెట్టుకోవచ్చు. డీటీపీ ఆపరేటర్‌తో ఒక్క పేజీ ఒప్పందం రాయించుకోవచ్చు. కక్షిదారు కట్టను ఏఐ చాట్‌బాట్‌లో పెట్టి సారాంశం అడిగే జూనియర్‌ను ఆపవచ్చు. బార్ అసోసియేషన్లు తలుచుకుంటే కోర్టు ఆవరణలోనే ఒక సొంత టైపింగ్ గది నడపడం పెద్ద పనేమీ కాదు.

ఇలా పొక్కిన వివరాలతో ఎవరైనా మోసం చేసి ఖాతాలోంచి డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఉచిత న్యాయ సాయానికి 15100. వకీలు మీద ఫిర్యాదు ఉంటే హైదరాబాద్ హైకోర్టు ఆవరణలోని తెలంగాణ బార్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫీజు బాకీ ఉందని వకీలు మీ కట్ట ఆపుకుంటే ఒప్పుకోవద్దు. బాకీ కోసం కక్షిదారు కాగితాలు పట్టుకునే హక్కు వకీలుకు లేదని ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తీర్పు చెప్పింది.