ద్వీపాల్లో పాత అంబాసిడర్: ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ ఎందుకు వణుకుతుంది?

2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన శ్రీ విజయపురంలో ఒకప్పుడు టాక్సీ అంటే అంబాసిడరే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 2014 వరకు తయారు చేసిన ఈ కారును నేటికీ మక్కువతో కాపాడుకొనేవారికి ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. బండి వేగంగా సాగుతున్నంతసేపూ ఏ లోపమూ తోచదు. యాక్సిలరేటరుపై నుండి కాలు తీయగానే ఇంజిన్ వణుకుతుంది, మిస్ కొడుతుంది. ఎత్తుపల్లాల వీధుల్లో, ఎగువదారి మధ్యలో ఇంజిన్ ఆగిపోతే బండి వెనక్కు జారే ప్రమాదం ఉంది.

ఇటువంటి సందర్భంలో చాలామంది చేయి ముందుగా కార్బురేటరు స్క్రూ మీదికే పోతుంది. స్క్రూ తిప్పి వేగం పెంచితే వణుకు తాత్కాలికంగా మరుగున పడుతుందే గాని లోపం తొలగదు; పైగా సరిగా ఉన్న ట్యూనింగ్ చెడుతుంది. అవసరం లేని విడిభాగానికి డబ్బు పోయడం ఎక్కడైనా నష్టమే. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నాల నుండి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి సరుకు రావలసిన ఈ ద్వీపాల్లో అది రోజుల నిరీక్షణ కూడా.

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లు ఉంటాయి. వాటిలో ఒకటే పని చేయడం లేదా, అన్నీ తడబడుతున్నాయా అన్నది మొదట తేల్చుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ ఆపి ఒక ప్లగ్గు వైరు ఊడదీయాలి. దాని కొనను ఇంజిన్ లోహానికి గట్టిగా తాకించి ఉంచి మళ్లీ స్టార్ట్ చేయాలి. వణుకు మరింత పెరిగితే ఆ సిలిండరు అంతవరకు పని చేస్తున్నట్టే. ఏ మార్పూ లేకుంటే దోషం అక్కడే ఉంది. నాలుగింటినీ ఇదే విధంగా పరీక్షించాలి.

ఒక్క సిలిండరే మూగబోతే ప్లగ్గును, వైరును, డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌ను చూడాలి. సముద్రపు గాలిలోని ఉప్పు క్యాప్‌పై పలుచని పొరగా పేరుకుని, తేమ తగలగానే విద్యుత్తుకు దొంగదారి అవుతుంది. రాత్రి చీకటిలో బానెట్ ఎత్తి చూస్తే వైర్ల వెంట నీలి మెరుపులు కంటికే కనిపిస్తాయి. పొడిగుడ్డతో తుడవడంతోనే కొన్ని బండ్లు కుదుటపడతాయి. పాయింట్ల గ్యాప్ సుమారు 0.4 మి.మీ., ప్లగ్గు గ్యాప్ సుమారు 0.6 మి.మీ. ఉండాలి.

ఒకటి, రెండు సిలిండర్లు జంటగా మందగిస్తే అది వేరే సూచన. ఈ ఇంజిన్‌లో ఒకటి, రెండింటికి ఒకే ఇన్‌లెట్ దారి, మూడు, నాలుగింటికి మరొకటి. కాబట్టి మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ వద్ద గాలి లీకును గాని, సిలిండర్ల మధ్య హెడ్ గ్యాస్కెట్‌ను గాని అనుమానించాలి. అతుకులపై నీటి తుంపర చల్లినప్పుడు ఇంజిన్ చప్పుడు మారితే లీకు దొరికినట్టే. కొందరు ఇందుకు పెట్రోల్ చల్లుతారు. కార్బురేటరుకు కిందనే కాలుతున్న ఎగ్జాస్ట్ ఉన్న ఈ ఇంజిన్‌పై అది నిప్పుతో చెలగాటం.

అన్ని సిలిండర్లూ ఒకేలా తడబడితే అప్పుడే కార్బురేటరు వంతు. సోలెక్స్ రకంలో ఐడిల్ జెట్ వేరుగా ఉంటుంది. ట్యాంకు తుప్పు రేణువు ఒకటి దానిలో ఇరుక్కున్నా చాలు. ఇథనాల్ కలిపిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది. 2019 ఏప్రిల్ 1న ఆ పథకాన్ని దేశమంతటికీ విస్తరించినప్పుడు అండమాన్, లక్షద్వీప్‌లను మినహాయించారు. అయినా సగం ఖాళీగా రోజుల తరబడి నిలిపి ఉంచిన ట్యాంకులో తేమగాలి నుండే నీరు చేరవచ్చు.

ఇవన్నీ సరిగా ఉండి ఒక సిలిండరు ఇంకా పలకకపోతే ట్యాపెట్ గ్యాప్, తరువాత కంప్రెషన్ చూడాలి. గ్యాప్ బిగుసుకుపోయిన ఎగ్జాస్ట్ వాల్వు సరిగా మూసుకోక కాలిపోతుంది. అప్పుడు హెడ్ విప్పక తప్పదు. కొత్త హెడ్ గ్యాస్కెట్ చేతికి వచ్చాకే నట్లపై స్పానరు పెట్టడం మేలు.