సేంద్రియ సేద్యమును గూర్చి మన యువజనుల యవగాహన

అంగడిలో "ఆర్గానిక్" అని ముద్రించిన రాగిపిండి పొట్లమును కొనుచున్న యువకుని ఆ మాటకు అర్థమేమని యడిగినచో, "మందులు కొట్టనిది" అని వెంటనే చెప్పును. అది తప్పు కాదు, సగము మాత్రమే. ఏది వేయరాదో తెలిసినది గాని, నేలకేమి పెట్టవలెనో తెలియలేదు.

ఈ కొఱత రాష్ట్రేతర తెలుగువారి పిల్లలయందు మఱికొంత చిక్కుపడినది. కోవిల్‌పట్టి బాలుడు తమిళమున దీనిని "ఇయర్కై వివసాయం" అని వినును. ఇయర్కై యనగా ప్రకృతి. కావున మానవ ప్రయత్నము లేకయే పండునదని తలచును. కోలారు బాలిక కన్నడమున "సావయవ కృషి" యని చదువును. షోలాపురమున మరాఠీవారు మనవలెనే "సేంద్రియ" మందురు. బరంపురమున ఒడియావారు "జైవిక" మందురు. ఇంతలో రసాయన శాస్త్రము అడ్డు వచ్చును. 1828లో వోలర్ ప్రయోగశాలయందు తయారు చేసిన యూరియా ఆ శాస్త్రమున ఆర్గానిక్ పదార్థమే. ఈ సేద్యమున మాత్రము నిషిద్ధము! పిల్లలు తికమకపడుటలో వింత యేమి?

మాట పుట్టుక నెఱిగినచో చిక్కు కొంత విడును. 1940లో ఇంగ్లండున నార్త్‌బోర్న్ ప్రభువు తన "లుక్ టు ది లాండ్" గ్రంథమున, పొలమంతయు ఒక్క సజీవ శరీరమను భావముతో ఈ పేరు వాడెను. పశువు, పైరు, మన్ను దాని యవయవములు. సావయవ, సేంద్రియ పదములు రెండును ఈ భావమునే చెప్పుచున్నవి.

ఆ యవయవములలో పశువు లోపించినచో నేమగునో లెక్క వేసి చూడవచ్చును. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. పశువుల యెరువులో సుమారు అర పాలు. 45 కిలోల యూరియా బస్తాలోని నత్రజనికి సుమారు 4 టన్నుల పెంట కావలెను. అదియు మొదటి పంటకే యంతయు నందదు. మెల్లగా కుళ్లుచు తరువాతి పంటలకును అందును. కాబట్టి దొడ్డిలో పశువులు లేని యింట యూరియా మానుట మాత్రమే సేంద్రియము కాదు. అది నేలను పస్తుంచుట. పెద్దలు పెంట చాలనప్పుడు జనుము, జీలుగ చల్లి పూతవేళ దున్ని కలిపెడివారు. వాని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చును. కానుగ ఆకు తొక్కించెడివారు. వేసవిలో చెరువు మన్ను తోలెడివారు. కోతలైన చేలలో గొఱ్ఱెల మంద కట్టించెడివారు. పెంటదిబ్బ, పచ్చిరొట్ట, మంద - ఈ మాటలు ఇంటి తెలుగులో ముసలివారి నోట నిలిచియున్నవి. "సేంద్రియ" మను పెద్దమాటకు అసలు వ్యాఖ్యానము ఇవియే. ఈ రెంటికిని సంబంధమున్నదని మాత్రము పిల్లలకు తోచదు.

ఇక అంగడి ముద్ర. 2001లో ప్రారంభమైన జాతీయ సేంద్రియోత్పత్తి కార్యక్రమ నియమముల ననుసరించి, రసాయనములు మానిన భూమి వార్షిక పంటలకు విత్తుటకు ముందు సాధారణముగా రెండేండ్లు, బహువార్షిక పంటలకు మొదటి కోతకు ముందు మూడేండ్లు పరివర్తన కాలము గడపవలెను. ఆ కాలమున దిగుబడి తగ్గవచ్చును; సేంద్రియమను పేరు మాత్రము పంటకు రాదు. పొట్లముపై ధర చూచి రైతు కూడబెట్టుచున్నాడనుకొను యువకునకు ఈ యేండ్ల భారము కనబడదు. ముద్ర సేద్య విధానమునకు సాక్ష్యము. గింజ ఔషధమని చెప్పునది కాదు. సహజమైనదెల్ల నిరపాయమనుటయు పొరపాటే. పొగాకు కషాయము మొక్కనుండియే వచ్చును, అది విషము.

కోవిల్‌పట్టి సమీపమున ఇడైసెవల్ గ్రామములో తెలుగు మాతృభాషగా గల కుటుంబమున పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ (1923-2021) ఆ కరిసల్ నేల తమిళ పలుకుబడికి నిఘంటువు కూర్చెను. అదే నల్లరేగడిని దున్నిన తెలుగు ఇండ్ల సేద్యపు మాటలను బడిపిల్లలే తాతల నడిగి వ్రాసికొనవచ్చును: మంద ఎన్ని రాత్రులు కట్టిరి, కాపరికి ఎన్ని గింజలు కొలిచిరి, ఏ చేనికి ఏ ఆకు తొక్కించిరి.