నీరు కోరని పచ్చదనం – గంగవాయిలి

అనంతపురంలో మా ఇంటి ముంగిట పదడుగుల వెడల్పున పచ్చిక ఉండేది. 2016 వేసవిలో బోరు ఎండిపోయింది. నెల తిరగకుండానే పచ్చిక అంతా మాడిపోయి ఎర్రమట్టి బయటపడింది. ఆ మండుటెండలో గోడవార పగుళ్ళలో ఒక్క మొక్క మాత్రం నేలను కరచుకొని నిగనిగలాడుతూ కనిపించింది. అది గంగవాయిలి. పేరులో గంగ ఎందుకున్నదో నాకు ఆనాడు అర్థమయింది.

కొన్ని ప్రాంతాలలో దీనినే పాయల కూర అనీ, పావిలి కూర అనీ అంటారు. భావప్రకాశ శాకవర్గంలో చిన్న ఆకు రకమును లోణీ అనీ, పెద్ద ఆకు రకమును ఘోటికా అనీ చెప్పారు. తోటలలో ఎర్ర, పసుపు, గులాబీ రంగులలో పూచే గడ్డిగులాబీ కూడా ఈ కుటుంబపు మొక్కయే. అయితే దానిని పూవుల కొరకే పెంచుకోవలెను.

దళసరి ఆకులలోను, కాడలలోను నీరు నిలువ చేసుకొనడం మాత్రమే దీని ఉపాయం కాదు. పట్టపగలు ఆకుల సూక్ష్మరంధ్రములు తెరచి ఉంచితే ఉన్న తేమ ఆవిరైపోతుంది. అందుచేత నీటి ఎద్దడి ఏర్పడినప్పుడు ఈ మొక్క ఆ రంధ్రములను రాత్రివేళ తెరచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకొంటుంది. పగలు తలుపులు మూసుకొని ఆ నిలువను వాడుకొంటుంది. వేసవిలో నీరు పెట్టని మడిలో తెల్లవారుజామున ఒక ఆకు, సాయంకాలం ఒక ఆకు నమిలి చూడండి. ఉదయపు ఆకు స్పష్టంగా పుల్లగా ఉంటుంది. పప్పులో చింతపండు తగ్గించదలచినవారు ఉదయమే కోసుకోవలెను.

పెంపకం అతి సులభం. నాలుగంగుళాల కాడలు త్రుంచి, ఒకరోజు నీడలో ఉంచి, కోసిన కొన ఆరిన తరువాత జానెడు ఎడంగా నాటవలెను. గింజలు చల్లేవారు వాటిని ఇసుకతో కలిపి చల్లి, పైన మట్టి కప్పరాదు. మొలకెత్తుటకు వాటికి వెలుతురు కావలెను. వేళ్ళు పట్టువరకు కొద్దికొద్దిగా నీరు చిలకరిస్తే చాలును. ఆ తరువాత వేసవిలో సైతం వారానికొకసారి చాలును. నేను మొదట ప్రేమ కొద్దీ పేడ ఎరువు వేసి రోజూ నీరు పోశాను. పది రోజులలో మొదళ్ళు కుళ్ళిపోయాయి! నీరు నిలువని ఇసుకనేల, పూర్తి ఎండ, ఈ రెండే దాని కోరికలు. గింజకాయలు పండనిస్తే కూరగాయల మళ్ళలోకి కూడా పాకుతుంది. పీకి నేలమీద పారవేసినా మరల వేరు తొడుగుతుంది. కనుక పూతకు ముందే కోస్తూ ఉండవలెను.

పోలికలను చూచి మోసపోరాదు. కాడ విరిస్తే పాలు కారినచో అది గంగవాయిలి కాదు, నానబాలు జాతి మొక్క, తినరాదు. గలిజేరు కూడా ఇట్లే నేలమీద పరచుకొంటుంది. కాని దాని పూవు తెలుపు లేక లేత గులాబీ రంగులో ఉంటుంది. గంగవాయిలి పూవు పసుపు. మురుగుకాలువల ప్రక్కన, రహదారుల అంచున మొలచిన దానిని ఎంత లేతగా ఉన్నా కోయవద్దు.

ఇక ముఖ్యమైన సంగతి. మడి నిండా పెరిగినది కదా, చలువ చేస్తుందని మా మామగారికి ప్రతి ఉదయం పచ్చి ఆకురసం ఒక గ్లాసు ఇవ్వసాగాను. వారికి పూర్వం మూత్రపిండంలో రాయి వచ్చిన సంగతి నాకు తెలియనిది కాదు. మూడవ వారంలో ఒక రాత్రి నడుమునొప్పితో వారు మెలికలు తిరిగిపోయారు. ఆకురసమే కారణమని వైద్యులు తేల్చి చెప్పలేదు గాని, విన్న వెంటనే మానిపించారు. ఈ ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం విస్తారంగా ఉంటుంది. తరచుగా వచ్చే మూత్రపిండాల రాళ్ళు కాల్షియం ఆక్సలేటుతో ఏర్పడేవే. పైసా ఖర్చులేని ఆకు హాని చేయదన్న నా ధీమాకు ఆ పెద్దాయన బాధ పడవలసి వచ్చింది.

అందుచేత రాళ్ళు వచ్చినవారు, మూత్రపిండాలు బలహీనపడినవారు దీనిని దూరంగా ఉంచడమే క్షేమం. గర్భిణులు మందు మోతాదులో రసం త్రాగరాదు. ఆరోగ్యవంతులు వారానికి ఒకటి రెండు సార్లు కూరగా తినవచ్చును. ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఇందులో ఉన్నది. ఆకును మరిగే నీటిలో కొద్దిసేపు ఉడికించి, ఆ నీటిని పారబోస్తే ఆక్సలేటు కొంత తగ్గుతుంది. పెరుగులోని కాల్షియం మిగిలిన దానిలో కొంత భాగాన్ని పేగులలోనే పట్టి ఉంచుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఉడికించి వార్చిన ఆకును చిలికిన పెరుగులో కలిపి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపతో పోపు పెడతాము. మామగారి విస్తరిలో మాత్రం దానికి బదులు సొరకాయ పెరుగుపచ్చడి వడ్డిస్తాను.