కూలిన నమూనా జెట్ విమానం: మరమ్మతులో మొదట చూడవలసినది బ్యాటరీ

గాలిపటం తెగిపోతే మరొకటి కట్టుకోవచ్చు. రేడియో సంకేతాలతో నడిచే నమూనా జెట్ విమానం పొలంలో కూలితే సంగతి అంత తేలిక కాదు. అందులో మోటారు, బ్యాటరీ, రిసీవరు, సర్వోలు వంటి ఖరీదైన భాగాలు ఉంటాయి. వాటిలో చాలా వరకు మళ్ళీ పనికివస్తాయి. అయితే ఏది పనికివస్తుందో, ఏది ప్రమాదకరమో చూడకుండా విరిగిన ముక్కలను అతికించి, అదే బ్యాటరీని రాత్రి ఛార్జింగుకు పెట్టి నిద్రపోతే నష్టం విమానంతో ఆగదు. గడ్డి కప్పు ఉన్న వసారాలోనో, ధాన్యపు బస్తాల పక్కనో దెబ్బతిన్న బ్యాటరీ ఒక్కటి అంటుకున్నా ఇల్లంతా ముప్పులో పడుతుంది. కనుక మరమ్మతుకు ఒక వరుస ఉన్నదని, ఆ వరుసలో జిగురు మొదటిది కాదని పిల్లలతోపాటు పెద్దలు కూడా తెలుసుకోవాలి.

పాత్రపూర్, బరంపురం ప్రాంతపు పిల్లలు జెట్ విమానాలపై మక్కువ చూపడంలో వింత లేదు. దేశీయ తేలికపాటి యుద్ధ విమానమైన తేజస్‌కు ప్రధాన రూపశిల్పిగా, కార్యక్రమ సంచాలకుడిగా పనిచేసిన కోట హరినారాయణ 1943లో బరంపురంలోనే జన్మించారు. ఆ విమానం తొలిసారి 2001 జనవరి 4న బెంగళూరులో గాలిలోకి లేచింది. 2016 జూలై 1న భారత వాయుసేన 45వ స్క్వాడ్రన్‌లో చేరింది. దాని రెక్కల కొనల మధ్య దూరం 8.2 మీటర్లు, పొడవు 13.2 మీటర్లు. పన్నెండో వంతుకు కుదిస్తే అవి సుమారు 68 సెంటీమీటర్లు, 110 సెంటీమీటర్లు అవుతాయి. సైకిలు వెనుక కట్టుకొని పొలానికి తీసుకుపోగల పరిమాణమిది. అటువంటి, సుమారు 900 గ్రాముల బరువున్న నమూనానే ఇక్కడ ఉదాహరణగా తీసుకోవడమైనది.

విద్యుత్తుతో నడిచే జెట్

నిజమైన జెట్ ఇంజను ఇంధనాన్ని మండించి వేడి వాయువులను వెనుకకు చిమ్ముతుంది. కిరోసిన్‌తో పనిచేసే చిన్న టర్బైన్లు నమూనా విమానాలకు కూడా ఉన్నాయి గాని, వాటి ధర, వేడి, శబ్దం సామాన్య కుటుంబానికి అందుబాటులో ఉండేవి కావు. విద్యుత్ నమూనాలో మంట ఉండదు. విమానం పొట్టలో ఉన్న గొట్టంలో అనేక రెక్కల చిన్న ఫ్యాను ఉంటుంది. అది ముందునుంచి గాలిని లాగి, వెనుకనున్న సన్నని ద్వారంగుండా వేగంగా నెడుతుంది. గాలి వెనుకకు పోవడంవల్ల విమానం ముందుకు కదులుతుంది. దీనినే డక్టెడ్ ఫ్యాను అంటారు. బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు 2000 తరువాతి సంవత్సరాలలో చవక కావడంతో ఈ పద్ధతి ఇంటింటి అభిరుచిగా మారగలిగింది.

ఈ ఫ్యానుకు ఆకలి ఎక్కువ. నాలుగు సెల్లుల బ్యాటరీ సగటు ఓల్టేజి 14.8. పూర్తి వేగంలో మోటారు 40 ఆంపియర్లు తీసుకుంటే, 14.8ని 40తో హెచ్చించగా 592 వాట్లు. గదిలో తిరిగే సాధారణ సీలింగు ఫ్యాను వాడుకునేది సుమారు 75 వాట్లే. 2,200 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఎనభై శాతమే వాడుకోవాలన్న నియమం పాటిస్తే, ఆ వేగంతో ఎగరగలిగేది రెండున్నర నిమిషాలకు కొంచెం ఎక్కువ. సగటున 20 ఆంపియర్లతో నడిపితే అయిదు నిమిషాలు. ఈ లెక్క వేసుకోకుండా గాలిలోనే బ్యాటరీ అయిపోయి కూలిన నమూనాలు తక్కువేమీ కాదు. ట్రాన్స్‌మిటరులోని గడియారాన్ని నాలుగు నిమిషాలకు మించకుండా పెట్టుకోవడం క్షేమకరం.

మొదట బ్యాటరీ

విమానం కూలిన వెంటనే ట్రాన్స్‌మిటరులో థ్రాటిల్‌ను పూర్తిగా తగ్గించాలి. ఆ తరువాతనే దగ్గరకు వెళ్ళి బ్యాటరీ తీగను వేరుచేయాలి. బ్యాటరీనుంచి పొగ వస్తున్నా, బుసబుస శబ్దం వినిపిస్తున్నా చేయి పెట్టరాదు. దూరంగా, గాలికి ఎదురువైపున నిలబడాలి. ఆ పొగ విషపూరితమైనది.

పొగ లేకపోయినా బ్యాటరీని ఇంట్లోకి తేకూడదు. లోపలి పొరలు నలిగి ఉంటే కొంతసేపటి తరువాత కూడా వేడెక్కి అంటుకోవచ్చు. ఇసుక పోసిన మట్టికుండలో ఉంచి, ఆరుబయట, పశువుల పాకకు, గడ్డివాముకు దూరంగా ఒక పూటైనా గమనించాలి. ఉబ్బినది, గీత పడినది, మూల నలిగినది, తియ్యని రసాయనపు వాసన వేసేది ఏదైనా సరే, దానిని మళ్ళీ ఛార్జి చేయరాదు. దాని ధర ఎంతైనా దాని పని ముగిసినట్టే.

బాగున్నట్టు కనిపించిన బ్యాటరీలో ఒక్కొక్క సెల్లు ఓల్టేజిని విడివిడిగా కొలవాలి. పూర్తిగా నిండిన సెల్లు 4.2 ఓల్టులు, కొన్నాళ్ళు దాచిపెట్టేటప్పుడు ఉండవలసినది సుమారు 3.8 ఓల్టులు. ఏ సెల్లయినా 3 ఓల్టులకన్న దిగువకు పోయినా, మిగిలినవాటితో పోలిస్తే బాగా తేడా చూపినా పక్కన పెట్టాలి. ఛార్జింగుకు సెల్లులన్నిటినీ సమానం చేసే బ్యాలెన్స్ ఛార్జరే వాడాలి. 2,200 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 2.2 ఆంపియర్లు మించనవసరం లేదు. ఛార్జి అవుతున్నంతసేపు ఒక పెద్ద మనిషి దగ్గర ఉండాలి. పాడైన బ్యాటరీని చెరువులో గాని, చెత్త తగలబెట్టే చోట గాని వేయకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన బ్యాటరీల సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. అమ్మిన దుకాణంలోనో, పట్టణంలోని ఎలక్ట్రానిక్ వ్యర్థాల సేకరణ కేంద్రంలోనో అప్పగించడం సరైన మార్గం.

ఫ్యానుకు జిగురు పనికిరాదు

తరువాత చూడవలసినది ఫ్యాను. 64 మిల్లీమీటర్ల ఫ్యాను నిమిషానికి 45,000 సార్లు తిరిగితే, రెక్క కొన సెకనుకు సుమారు 150 మీటర్లు, అంటే గంటకు 540 కిలోమీటర్ల వేగంతో పోతుంది. జిగురుతో అతికించిన రెక్క ఆ వేగంలో ఊడితే తూటాలా దూసుకుపోగలదు. ఊడకపోయినా, ఒక రెక్క రవ్వంత బరువెక్కినందుకే ఫ్యాను అదిరి మోటారు బేరింగులను పాడుచేస్తుంది. కాబట్టి ఒక్క రెక్క చిట్లినా ఫ్యాను చక్రాన్ని మొత్తంగా మార్చవలసిందే.

చక్రాన్ని చేతితో మెల్లగా తిప్పి చూడాలి. గొట్టం గోడకు ఎక్కడా తగలకూడదు. గరగరమన్న శబ్దం వస్తే మోటారులో మట్టి చేరిందనో, ఇరుసు వంగిందనో అర్థం. గడ్డిపోచ, ఇసుక రేణువు సైతం లోపల మిగలరాదు. స్పీడ్ కంట్రోలరు పైతొడుగు కాలిన వాసన వేస్తే దానినీ మార్చాలి. తెగిన తీగలకు టంకం వేయడం మొబైల్ ఫోన్లు బాగుచేసే పనివారికి తెలిసిన విద్యే. వారి సహాయం తీసుకోవడం మంచిది.

శరీరం అతుకు

ఈ నమూనాల శరీరం రెండు రకాల ఫోమ్‌తో తయారవుతుంది. ఒకటి చేపల పెట్టెలకు వాడే థర్మోకోల్. మరొకటి ఈపీవో అనే, వంగినా త్వరగా విరగని ఫోమ్. ఏది ఏదో తెలుసుకోకుండా జిగురు పూయరాదు. క్షణాలలో అతికే సాధారణ సయనో జిగురు ఈపీవోకు సరిపోతుంది గాని థర్మోకోల్‌ను కరిగించివేస్తుంది. రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు రెంటికీ పనికివస్తుంది. మొదట చిన్న ముక్కపై పరీక్షించడం ఉత్తమం.

ఈపీవో ముక్కు నలిగిపోతే కోసి పారవేయనవసరం లేదు. పెద్దల సమక్షంలో, లోపలి పరికరాలన్నీ తీసివేసి, మరుగుతున్న నీటిలో కొద్దిసేపు ఉంచితే నలిగిన గుళికలు మళ్ళీ ఉబ్బి చాలావరకు పూర్వరూపానికి వస్తాయి. విరిగిన రెక్కలో సన్నని కాలువ కోసి వెదురు బద్దనో, కార్బన్ కడ్డీనో దించి అతికించవచ్చు. కార్బన్ రేడియో తరంగాలను అడ్డుకుంటుంది కనుక రిసీవరు యాంటెన్నాను దానికి దూరంగా ఉంచాలి. వెదురుతో ఆ చిక్కు లేదు. గాలి పోయే గొట్టం లోపల జిగురు గడ్డలు, పగుళ్ళు మిగిలితే ఫ్యాను శక్తి వృథా అవుతుంది. లోపలి గోడ నున్నగా ఉండాలి.

తూకం తప్పితే ఎగరదు

అతికించిన విమానం చూడడానికి కొత్తదానిలా ఉన్నా బరువు మారి ఉంటుంది. ఆ బరువు ఎక్కడ చేరిందన్నది మరింత ముఖ్యం. విమానాన్ని తక్కెడ దండంలా ఊహించుకోవాలి. తోక దగ్గర, బరువు కేంద్రానికి 40 సెంటీమీటర్ల వెనుక 20 గ్రాముల జిగురు చేరిందనుకుంటే, దాని ప్రభావం 20ని 40తో హెచ్చించగా 800. దీనిని సరిచేయడానికి 200 గ్రాముల బ్యాటరీని 4 సెంటీమీటర్లు ముందుకు జరిపితే చాలు. రెండువందలు నాలుగుతో హెచ్చించినా 800 అవుతుంది. బ్యాటరీ జరగడానికి చోటు లేకపోతే ముక్కులో బరువు వేయవలసి వస్తుంది. ఆ మేరకు విమానం భారమవుతుంది. అందుకే తోకవైపు జిగురును పొదుపుగా వాడాలి.

ప్లానులో గుర్తించిన బరువు కేంద్రం వద్ద రెండు రెక్కల కింద చూపుడువేళ్ళు ఆనించి ఎత్తినపుడు విమానం ముక్కు కొద్దిగా కిందికి వంగి నిలవాలి. వెనుకకు వాలితే ఎగరవేయరాదు. ముందు బరువైన విమానం మందకొడిగానైనా దిగుతుంది. వెనుక బరువైనది గాలిలో లేచిన మరుక్షణమే అదుపు తప్పుతుంది. తేజస్‌వంటి తోకరెక్క లేని త్రికోణపు రెక్కల విమానంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

నేలమీద పరీక్ష

మోటారును పరీక్షించేటపుడు విమానాన్ని గట్టిగా కట్టివేయాలి. ఫ్యానుకు సరిగ్గా పక్కన ఎవరూ నిలబడకూడదు. విమానానికి స్ప్రింగు త్రాసు కట్టి, పూర్తి వేగంలో ఎంత లాగుతున్నదో చూడాలి. చేతితో విసిరి ఎగరవేసే 900 గ్రాముల నమూనాకు కనీసం 600 గ్రాముల లాగుడు ఉండాలి. మరమ్మతుకు ముందుకన్న బాగా తగ్గితే గొట్టంలోనో, ఫ్యానులోనో లోపం మిగిలి ఉన్నట్టే.

తరువాత సర్వోలు. కర్రను వెనుకకు లాగితే త్రికోణపు రెక్క వెనుకనున్న రెండు పలకలూ పైకి లేవాలి. కుడికి తోస్తే కుడి పలక పైకి, ఎడమ పలక కిందికి పోవాలి. తీగలు తారుమారై ఇది తిరగబడితే విమానం లేచిన క్షణంలోనే కూలుతుంది. ట్రాన్స్‌మిటరులో శక్తిని తగ్గించి దూరాన్ని పరీక్షించే అమరిక ఉంటే దానితో ముప్పై అడుగులు నడిచి సర్వోలు తడబడకుండా కదులుతున్నాయో లేదో చూడాలి. సంకేతం తెగితే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టడం మరువరాదు.

ఎక్కడ, ఎప్పుడు

2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములకు మించి 2 కిలోల లోపు ఉన్నవి మైక్రో తరగతికి చెందుతాయి. వ్యాపారానికి కాకుండా ఎగరవేసే మైక్రో తరగతికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. నమూనా విమానాలకు టైప్ సర్టిఫికెట్ కూడా అక్కరలేదు. అయితే ప్రదేశం విషయంలో మినహాయింపు ఉండదు. డిజిటల్ స్కై పటంలో ఆకుపచ్చగా ఉన్న ప్రాంతంలో 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అవసరం లేదు. పసుపు, ఎరుపు ప్రాంతాలలో ముందుగా అనుమతి తప్పనిసరి. బరంపురం దగ్గర రంగేయిలుండ విమానాశ్రయం, గోపాల్‌పూర్‌లో సైన్యపు వాయు రక్షణ కళాశాల, గోలబంధలో కాల్పుల క్షేత్రం ఉన్నందున, ఈ జిల్లాలో ఏ ఊరివారైనా పటాన్నీ, నమోదు నిబంధనలనూ చూసుకొనే బయలుదేరాలి.

కోతలైన పొలాలు అనువైనవే గాని వరికొయ్యలు ఫోమ్‌ను చీల్చుతాయి. గడ్డి ఉన్న బయలు మేలు. తీరప్రాంతంలో పొద్దెక్కినకొద్దీ సముద్రపు గాలి బలపడుతుంది కనుక ఉదయపు వేళే మంచిది. విద్యుత్ తీగలు, రోడ్డు, పశువులు, గుమిగూడిన పిల్లలు దగ్గరలో ఉండరాదు. తీగలపై చిక్కిన విమానాన్ని కర్రతో దించే ప్రయత్నం ప్రాణాంతకం. విద్యుత్ శాఖవారికి కబురు చేయాలి.

ఈ పనిలో నేర్చిన విద్య ఆటతో ముగియదు. పొలాలకు మందు చల్లే డ్రోన్లలోనూ ఉండేవి ఇవే బ్రష్‌లెస్ మోటార్లు, స్పీడ్ కంట్రోలర్లు, లిథియం బ్యాటరీలు. 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు అందించే నమో డ్రోన్ దీదీ పథకాన్ని కేంద్ర మంత్రిమండలి 2023 నవంబరులో ఆమోదించింది. ఎన్‌సీసీ వైమానిక విభాగంలో నమూనా విమానాల తయారీ శిక్షణలో భాగం. ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టి, ప్రతి మరమ్మతు తరువాత విమానం బరువు, బరువు కేంద్రం, లాగుడు, ఒక్కొక్క సెల్లు ఓల్టేజి తేదీతో సహా రాయించే తల్లిదండ్రులు పిల్లలకు చక్కని పనితనాన్ని అలవాటు చేసినవారవుతారు. ఆ పుస్తకంలో బ్యాటరీ గడి ఖాళీగా ఉన్న రోజున విమానం ఇల్లు కదలకూడదన్నది ఇంటి నియమం కావాలి.