విహారయాత్రలో కొనుగోలు: ఊరి పేరు గల వస్తువులు

సెలవులు రాగానే మనసు ప్రయాణాల మీదికి పోవడం సహజం. యాత్ర ముగించుకొని ఇల్లు చేరినవారిని ఇరుగు పొరుగులు అడిగే మొదటి ప్రశ్న "ఏమి చూచి వచ్చారు?" అని కాగా, రెండవది "ఏమి తెచ్చారు?" అన్నది. మొదటి ప్రశ్నకు మనం సవిస్తరంగా సమాధానం చెబుతాము. రెండవ దానికి మాత్రం తరచుగా ఏ పట్టణంలోనైనా దొరికే ఒక ప్లాస్టిక్ బొమ్మనో, ఎక్కడో మిల్లులో తయారైన బట్టనో చూపి ఊరుకుంటాము. వస్తువులు రెండు విధాలు. ఊరూ పేరూ లేక అంగడి నుండి అంగడికి తిరిగేవి కొన్ని. తాము పుట్టిన ఊరి పేరునే తమ పేరుగా ధరించినవి కొన్ని. ఈ రెండవ రకం వస్తువులను యాత్రికుడు ఎట్లా గుర్తించాలి, ఎట్లా కొనాలి అన్నదే ఈ వ్యాసంలో మేము వివరింపదలచిన విషయం.

ఇందుకు తిరుమలగిరి వాసులు కాశ్మీరానికో, జయపురానికో పోనక్కరలేదు. ఇక్కడ నుండి జనగామ మీదుగా హైదరాబాదు వైపు సాగే దారియే ఒక చక్కని పాఠశాల. ఆ దారిలో పెంబర్తి, ఆలేరు, భువనగిరి వరుసగా వస్తాయి. బీబీనగరు చేరి పక్కకు తిరిగితే భూదాన్ పోచంపల్లి. విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ నుండి లోనికి పోతే పుట్టపాక. దక్షిణాన పాత మహబూబ్‌నగర్ జిల్లాలో గద్వాల, నారాయణపేట. వీటిలో ప్రతి ఊరికీ తనదైన ఒక చేతిపని ఉన్నది.

జనగామ దాటిన కొద్ది దూరంలోనే పెంబర్తి వస్తుంది. ఇక్కడి విశ్వకర్మ శిల్పులు ఇత్తడి రేకును వెనుక నుండి, ముందు నుండి ఉలులతో కొట్టి బొమ్మలు పైకి తేల్చుతారు. కాకతీయుల కాలంలో దేవాలయ రథాలకు, విగ్రహాలకు తొడుగులు చేసిన సంప్రదాయం వీరిది. నిజాం పాలనలో అదే చేతులు ముస్లిం నవాబుల ఇండ్లకు పాన్‌దానులను, అత్తరుదానులను అందించాయి. 2010లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించింది. కొనేవారు గమనింపవలసినది ఒకటే: కొట్టిన రేకు వెనుక భాగాన బొమ్మ లోతుగా, సుత్తి దెబ్బల జాడలతో ఉంటుంది, ఏ రెండు ఆకులూ, ఏ రెండు పూలూ అచ్చంగా ఒకే తీరున ఉండవు. యంత్రపు అచ్చులో నొక్కిన రేకులో ఈ చిన్న భేదాలు కనిపించవు.

ఇక పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు దానం చేయగా భూదానోద్యమం ఇక్కడనే పుట్టింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా దీనిని ఎంచింది. అయితే ఈ ఊరి పేరు దేశదేశాలకు తీసుకుపోయినది ఇక్కడి బట్ట. దీనిని నేత కుటుంబాలవారు చిట్కి అంటారు. లోకం ఇకత్ అంటున్నది. మలయా భాషలో కట్టుట అనే అర్థం గల మాట నుండి ఈ పేరు వచ్చింది. ఆ పేరులోనే పని రహస్యమంతా ఉన్నది. ఇక్కడ బట్ట నేసిన తరువాత రంగు వేయరు. నేయక ముందే దారానికి వేస్తారు. దారాన్ని లెక్క ప్రకారం చుట్టి, రూపకల్పన గీచి, రంగు అంటకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. ఆరిన పిదప కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మరొక రంగులో ముంచుతారు. ఎన్ని రంగులో అన్ని మార్లు ఈ పని సాగుతుంది. ఆ దారం మగ్గం మీదికి చేరిన తరువాతనే పువ్వు పువ్వుగా, చిలుక చిలుకగా కనిపిస్తుంది.

ఇందులో ఆసు పోయడం అనే ఒక్క దశనే చూడండి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పేక దారాన్ని చేతితో తిప్పాలి. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలని లెక్క. తరతరాలుగా ఈ శ్రమ ఎక్కువగా స్త్రీల భుజాల మీదనే పడింది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశంగారు తమ తల్లి పడే బాధ చూచి, పలు సంవత్సరాల ప్రయత్నం మీద 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించారు. దానికి తల్లి పేరనే లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఇంత పనితనం గల బట్టకు శత్రువు మరొక చేతిపని కాదు, అచ్చు బట్ట. చిట్కి బొమ్మలను యంత్రంతో అచ్చువేసిన గుడ్డ గంటకు ఎన్నో గజాలు తయారవుతుంది, అతి చౌకగా అమ్ముడుపోతుంది. చౌక బట్ట కొనడం తప్పు కాదు. అది తన పేరుతోనే అమ్ముడుపోతే నేతగానికి కలిగే నష్టం కొంతే. అది పోచంపల్లి అనే పేరు పెట్టుకొని అమ్ముడుపోయినప్పుడే నేతగాని కూలి పడిపోతుంది. అతని కుమారుడు మగ్గం విడిచి పట్టణానికి పోతాడు. ఈ మోసం సాగడానికి అమ్మేవాని దురాశ ఎంత కారణమో, కొనేవాని కంటికి భేదం తెలియకపోవడం కూడా అంతే కారణమని మేము భావిస్తున్నాము. అందుచేత ఆ భేదం తెలుసుకొనే పద్ధతులు కొన్ని ఇక్కడ చెబుతున్నాము.

మొదటిది, బట్టను తిరగవేసి చూడాలి. దారమే రంగు తాగినది కనుక అసలైన చిట్కిలో రెండు వైపులా రంగు సమానంగా ఉంటుంది. అచ్చు బట్టలో వెనుక వైపు తరచుగా వెలవెలబోతుంది. రెండవది, బొమ్మ అంచును చూడాలి. రంగు కట్టిన దారాలు మగ్గం మీద వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కనుక అంచు ఈక వలె కొద్దిగా చెదిరి ఉంటుంది. పేకలో కట్టిన బట్టకు ఈ చెదురు అడ్డంగాను, పడుగులో కట్టిన బట్టకు నిలువుగాను కనిపిస్తుంది. ఇది లోపం కాదు. ఆ పనికి సాక్ష్యం. మూడవది, అన్నిటికంటె నమ్మదగినది: చివరి నుండి ఒక్క దారం లాగి చూడాలి. ఆ ఒంటి దారంలోనే రంగులు మార్చి మార్చి, లోపలి దాకా ఇంకి కనిపిస్తే అది చిట్కి. పైపైన మాత్రమే రంగు ఉండి లోపల తెలుపు కనిపిస్తే అది అచ్చు. నాలుగవది, బట్ట రెండంచుల వెంబడి వరుసగా సన్నని సూది రంధ్రాలు ఉన్నవేమో చూడాలి. నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండా నేతగాడు ఇరువైపులా గుచ్చి పెట్టే కర్ర ముళ్ళ జాడలు అవి.

పుట్టపాకలో పడుగును, పేకను రెండింటినీ కట్టి రంగు వేసి నేసే కఠినమైన విద్య ఉన్నది. గుజరాతులోని పాటన్, ఇండోనేషియాలో బాలి ద్వీపపు తెంగనన్ వంటి బహు కొద్ది చోట్లనే ఇటువంటి పని కనిపిస్తుంది. ఇక్కడి తేలియా రూమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును ఆముదపు కాయల బూడిద నీటిలోను, నూనెలోను పలుమార్లు నానబెట్టి, ఎరుపు నలుపు రంగులు వేస్తారు. నూనెను హిందీ ఉర్దూలలో తేల్ అంటారు కనుక ఈ పేరు. కొత్త రూమాలులో సన్నని నూనె వాసన ఉండటమే దాని ఆనవాలు. ఒకప్పుడు తెలుగు నేల నుండి ఇవి అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా ఎగుమతి అయ్యేవి. పద్మశాలీల మగ్గం మీద పుట్టినది అరబ్బుల శిరస్సును అలంకరించింది. విశ్వకర్మల సుత్తి కింద పుట్టినది నవాబుల పాన్‌దాను అయింది. చార్మినారు పక్కన లాడ్ బజారులో ముస్లిం కుటుంబాలవారు లక్కను వేడి చేసి రాళ్ళు పొదిగి చేసే గాజులు అన్ని మతాల పెండ్లికూతుళ్ళ చేతులకు ఎక్కుతున్నాయి. ఆ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన ప్రాంతపు కలిసిమెలిసి బ్రతికే తీరును అంగడి వస్తువులు ఇంత తేటగా చెబుతున్నాయి.

గద్వాల చీర ఒడలు నూలు, అంచు కొంగులు పట్టు. ఒడలికి ఒక నాడె, రెండంచులకు రెండు నాడెలు వాడి, కలిసే చోట దారాన్ని దారంతో పెనవేస్తారు. ఆ జోడింపు దగ్గర వెనుక వైపు చూస్తే పెనవేత తెలుస్తుంది, కుట్టు ఉండదు. నారాయణపేట చీర గళ్ళకు, వెడల్పైన అంచుకు పేరు పొందినది. గద్వాల 2010లోను, నారాయణపేట 2012లోను గుర్తింపు పొందాయి.

గుర్తింపు చట్టం ఉండగా ఈ పరీక్షలన్నీ ఎందుకని అడుగవచ్చు. చట్టం 1999లో వచ్చి 2003 నుండి అమలులో ఉన్నది. స్కాట్లండులో హారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్టకు 1993లో ప్రత్యేక శాసనమే చేశారు. ఆ దీవులవాసులు తమ ఇండ్లలో చేతితో నేసినదే ఆ పేరుకు అర్హమైనది. చట్టం పేరును కాపాడగలదు. కాని బజారులో బట్టను చేతిలోకి తీసుకొని తిరగవేసి చూచేది చట్టం కాదు, కొనేవాడే.

ఎక్కడ కొనాలన్నది తరువాతి ప్రశ్న. నేత ఊరిలో ఉన్నంత మాత్రాన ప్రతి దుకాణంలోని ప్రతి బట్టా ఆ ఊరి నేతయే అనుకోరాదు. వీలైనంతవరకు చేనేత సహకార సంఘపు అమ్మకశాలలోనో, మగ్గం కనిపించే ఇంటిలోనో కొనడం మేలు. చేనేత మార్కు, భౌగోళిక గుర్తింపు చీటీ అడగాలి, రసీదు తీసుకోవాలి. "ఇది ఎవరు నేశారు? ఎన్ని రోజులు పట్టింది?" అని అడగండి. నేత తెలిసినవాడు సంతోషంగా చెబుతాడు; తెలియనివాడు మాట మారుస్తాడు. బేరమాడటం మన అంగళ్ళ ఆచారమే. అయితే మగ్గం ముందు కూర్చున్న మనిషితో బేరమాడేటప్పుడు అతని దినకూలిని మనసులో లెక్క వేసుకొని మాట్లాడటం మర్యాద. ఒక పడుగు మీద పలు చీరలు వరుసగా నేస్తారు కనుక, ఒక్క చీరకు మాత్రం రంగు మార్చి ఇమ్మని ఒత్తిడి చేయరాదు. సెలవు అడగకుండా మగ్గం మీది నమూనాను ఫోటో తీయరాదు. ఆ ఫోటోయే రేపు అచ్చు బట్టకు దారి తీయవచ్చు.

విద్యార్థుల జేబులో పట్టుచీరకు సరిపడే డబ్బు ఉండదని మేము ఎరుగుదుము. దుబారా చేయమని మా ఉద్దేశం కాదు. చిట్కి నేతలో చేతిరుమాలు, దిండు గలీబు, జాకెట్టు గుడ్డ కూడా దొరుకుతాయి. వాటిలో ఒక్కటి చాలు. ఈ సెలవుల్లో జనగామ దారిన పోయినప్పుడు బస్సు దిగండి. మగ్గం చప్పుడు వినిపించే ఇంటికి పోయి పని చూడండి. ఒక దారం లాగి పరీక్షించి, నచ్చినదానిని న్యాయమైన ధరకు కొనండి. ఇంటికి వచ్చిన తరువాత "ఏమి తెచ్చారు?" అని అడిగినవారికి ఆ దారం చూపి భేదం చెప్పండి. ఒకరు నేర్చిన చూపు పదిమందికి అబ్బినప్పుడు అచ్చు బట్ట తన పేరుతో తాను అమ్ముడుపోతుంది. మగ్గం తన పేరును తాను నిలుపుకొంటుంది.