పిల్లల రక్తములో ప్లేట్‌లెట్లు తగ్గుట

వానకాలము రాఁగానే జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల రైతుల యిండ్లలో “పిల్లవానికి ప్లేట్‌లెట్లు పడిపోయినవి” అను మాట వినఁబడుచుండును. ఆ మాటకే బెదరి కొందఱు అప్పు చేసి పట్టణమునకుఁ బరుగెత్తుదురు. కావున దీనిని గూర్చి వ్రాయుచున్నాము.

చెఱువుకట్టకు గండిపడినపుడు మట్టితోఁ బూడ్చినట్లు, గాయపడిన రక్తనాళమును ముందుగా మూయునవి ప్లేట్‌లెట్లు. ఇవి యెముకల మూలుగలోఁ బుట్టి యెనిమిది, పది దినములు బ్రదుకును. ఘనపు మిల్లీమీటరు రక్తమునందు 1,50,000 మొదలు 4,50,000 వఱకు నుండుట సహజము.

వానకాలమున నివి తగ్గుటకు ముఖ్యకారణములలో డెంగీ జ్వర మొకటి. అందుఁ బ్రాణాపాయము తఱచుగా నీ లెక్కవలనఁ గాదు. రక్తనాళములనుండి నీరూరి బయటకుఁ బోయి, రక్తము చిక్కఁబడి, నాడి క్రుంగుటవలన. ఇది జ్వరము విడుచునపుడే, మూఁడవ దినము మొదలు ఏడవ దినములోపల, సంభవించును. జ్వరము తగ్గినదని తలిదండ్రులు చేనికిఁ బోవు దినములు సరిగా నివియే! కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ రక్తము, నల్లని విరేచనము, చేతులు చల్లఁబడుట, మూత్రము తగ్గుట, మగత - వీనిలో నేది కనఁబడినను తెల్లవాఱువఱకు ఆగక దవాఖానకుఁ గొనిపోవలెను.

డెంగీకిఁ బ్రధాన చికిత్స కొలతప్రకారము ద్రవము లిచ్చుటయే. జ్వరమునకుఁ బారాసిటమాలు చాలును. ఆస్పిరిను, ఐబుప్రోఫెను రక్తస్రావమును హెచ్చించును గాన కూడవు. రక్తస్రావము లేనపుడు లెక్క తగ్గిన దను నెపముతోనే ప్లేట్‌లెట్ల నెక్కించుట మేలు చేయదు. జబ్బు మరలఁగానే యవి తామే పెరుగును. బొప్పాయియాకు రసమును నమ్మి దవాఖానకు వెళ్లక జాగుచేయుట మాకు సమ్మతము కాదు.

జ్వరము లేకయే, పడిసెము తగ్గిన కొన్ని వారములకు, ఆడుకొనుచున్న పిల్ల మేన ఆవగింజలవంటి యెఱ్ఱచుక్కలు, కమిలిన మచ్చలు పుట్టుట వేఱొక జబ్బు. దేహరక్షణశక్తియే పొరపడి ప్లేట్‌లెట్లను నశింపఁజేయును. ఇట్టి పిల్లలలో నైదుగురికి నలుగురు సుమా రాఱు నెలలలోఁ గోలుకొందురు. రక్తస్రావము లేనిచో వైద్యులు కనిపెట్టి యుండుటయే తఱచు. ఉన్నచో స్టెరాయిడ్లనో, నరమునకు ఇమ్యునోగ్లోబులినునో యిత్తురు. అంతవఱకుఁ జెట్లెక్కనీయరాదు. పాలిపోవుట, ఎముకల నొప్పి, మెడయందు గడ్డలు కూడ నున్నచో రక్తపుఁ గాన్సరేమో పరీక్షింపవలెను.

మహబూబాబాదునందు 2022లోను, జనగామ, భూపాలపల్లులందు 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు నెలకొన్నవి. ప్రతి జ్వరమునకు వరంగల్లు ఎం.జి.ఎం. దవాఖాన వఱకుఁ బోనక్కఱలేదు. వైద్యులు పంపినచో మాత్రము జాగు చేయరాదు.

డెంగీదోమ పగలు కుట్టును. నిలువయుంచిన నీటఁ బెరుగును. మందు కలుపు పీపాలను, పశువుల తొట్లను వారమున కొకసారి వంపి, లోగోడలను రాచి కడిగి యెండనీయవలెను. గ్రుడ్లు గోడ నంటియుండును. నీరు పాఱఁబోసినంతమాత్రమునఁ దొలఁగవు.