నేల లోతుల్లో ఊపిరి వరుస

గ్రాము సారవంతమైన మట్టిలో బాక్టీరియా వంద కోట్ల దాకా ఉంటాయి. వాటిలో జాతులే వేల సంఖ్యలో ఉంటాయి. చెరువు అడుగు బురదలోనూ, నది మేటవేసిన ఒండ్రులోనూ, బోరుబావికి నీరిచ్చే లోతైన ఇసుక పొరల్లోనూ ఇవి జీవిస్తాయి. వీటిలో అధిక భాగం ప్రయోగశాలలో పెంచితే పెరగవు. మట్టి నుంచి, నీటి నుంచి డీఎన్ఏను నేరుగా తీసి చదివే పద్ధతులు వచ్చాకే ఈ సమూహాల వైవిధ్యం బయటపడింది.

ఏ బాక్టీరియా ఎక్కడ నిలదొక్కుకుంటుందన్నది చాలావరకు దాని శ్వాసను బట్టి ఉంటుంది. ఆహారం నుంచి తీసిన ఎలక్ట్రాన్లను మరో పదార్థానికి అప్పగించి శక్తి పొందడమే శ్వాస. మనుషులు, జంతువులు ఇందుకు ఆక్సిజన్ మీదే ఆధారపడతాయి. బాక్టీరియాలో కొన్ని నైట్రేట్‌ను, కొన్ని మాంగనీస్, ఇనుము ఆక్సైడ్లను, మరికొన్ని సల్ఫేట్‌ను ఆ పనికి వాడుకుంటాయి. ఆక్సిజన్‌తో దక్కే శక్తి అన్నిటికన్నా ఎక్కువ. ఆ తర్వాత ఇదే వరుసలో తగ్గుతూ పోతుంది. ఒకటి అయిపోయిన చోట తర్వాతి దానిని వాడేవి పుంజుకుంటాయి. అన్నీ అయిపోయాక మీథేన్ తయారుచేసే ఆర్కియా మిగులుతాయి. ఇవి బాక్టీరియాలాగే కనిపించినా వేరే వర్గానికి చెందిన సూక్ష్మజీవులు.

వరి పొలంలో

ఆక్సిజన్ గాలిలో కన్నా నీటిలో దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందువల్ల దమ్ముచేసి నీరు కట్టిన పొలంలో మట్టి పైపొర కొద్ది మిల్లీమీటర్లకు మాత్రమే ఆక్సిజన్ అందుతుంది. యూరియా నుంచి వచ్చిన అమోనియాను అక్కడి బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్ కిందికి దిగగానే ఆక్సిజన్ లేని పొరలోని బాక్టీరియా దానితో శ్వాసించి నత్రజని వాయువుగా వదిలేస్తాయి. రైతు కొని వేసిన ఎరువులో కొంత భాగం ఇలా గాలిలో కలిసిపోతుంది. ఈ చర్య సగంలో ఆగితే నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. వందేళ్ల కాలానికి లెక్కగడితే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

అడుగు పొరల్లో పుట్టే మీథేన్ ఎక్కువగా వరి మొక్కలోని గాలి గొట్టాల గుండా పైకి వస్తుంది. పొలాన్ని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ తడి పెడితే ఆక్సిజన్ లోపలికి చేరి మీథేన్ గణనీయంగా తగ్గుతుంది. అయితే తడి, ఆరుదల మారుతూ ఉంటే నైట్రస్ ఆక్సైడ్ పెరిగే వీలుంది కనుక యూరియా వేసే మోతాదు, సమయం కూడా చూసుకోవాలి.

పోయిన నత్రజనిని తిరిగి మట్టికి చేర్చేదీ బాక్టీరియానే. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెల్లోని బాక్టీరియాను నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైయరింక్ 1888లో వేరుచేసి పెంచాడు. వరికి ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నితే పొలానికి దక్కేది ఆ బాక్టీరియా గాలి నుంచి పట్టిన నత్రజనే.

సముద్రపు బురదలో

సముద్రపు నీటిలో సల్ఫేట్ పుష్కలం. అందుకే మడ అడవుల బురదలో సల్ఫేట్‌తో శ్వాసించే బాక్టీరియాది పైచేయి. అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల కుళ్లిన కోడిగుడ్ల వాసన, అది ఇనుముతో కలవడం వల్ల నల్లరంగు వస్తాయి. కొన్ని ఆర్కియా ఇలాంటి బాక్టీరియాతో జతకట్టి మీథేన్‌ను వాడుకుంటాయి. కడలి అడుగున పుట్టే మీథేన్‌లో అధిక భాగం నీటిలోకి చేరకముందే ఇలా ఖర్చయిపోతుంది.

డెన్మార్క్‌లోని ఆర్హుస్ తీరపు బురదలో 2012లో వెల్లడైన కేబుల్ బాక్టీరియా ఈ వరుసనే దాటేశాయి. వేల కణాలు ఒకదాని వెంట ఒకటి చేరి సెంటీమీటరుకు పైగా పొడవైన తీగలవుతాయి. అడుగున సల్ఫైడ్ నుంచి తీసిన ఎలక్ట్రాన్లను పైనున్న ఆక్సిజన్ దాకా ప్రవహింపజేస్తాయి.

భూగర్భజలంలో

ఇనుముతో శ్వాసించడం బెంగాల్ డెల్టాలో విషమైంది. హిమాలయ నదులు తెచ్చిన ఒండ్రులో ఇసుక రేణువుల మీది ఇనుము ఆక్సైడ్ పూతకు ఆర్సెనిక్ అంటిపెట్టుకుని ఉంటుంది. ఒండ్రుతోపాటు పూడుకుపోయిన మొక్కల అవశేషాలు బాక్టీరియాకు ఆహారమవుతాయి. ఆక్సిజన్, నైట్రేట్ లేనిచోట అవి ఇనుము పూతను కరిగించగానే ఆర్సెనిక్ నీటిలోకి వస్తుంది. చెరువు నీటితో వచ్చే అంటురోగాలను తప్పించడానికి 1970ల నుంచి అక్కడ గొట్టపు బావులు విరివిగా వేశారు. వాటిలో చాలావాటి నీటిలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాముల పరిమితిని మించింది. బాక్టీరియా పాత్రను పశ్చిమ బెంగాల్ ఒండ్రు నమూనాలపై చేసిన ప్రయోగాలు 2004లో చూపించాయి.

అదే శ్వాస మరోచోట నీటిని శుద్ధి చేస్తుంది. అమెరికాలో పొటోమాక్ నది బురద నుంచి 1987లో వేరుచేసిన జియోబాక్టర్, పెట్రోలులో ఉండే టోలుయీన్‌ను తిని ఎలక్ట్రాన్లను ఇనుముకు ఇస్తుంది. కొలరాడోలోని రైఫిల్ దగ్గర యురేనియంతో కలుషితమైన భూగర్భజలంలోకి అసిటేట్ పంపితే ఈ జాతి బాక్టీరియా విపరీతంగా పెరిగి, నీటిలో కరిగిన యురేనియంను కరగని రూపంలోకి మార్చాయి.

క్లోరిన్ ద్రావకాలతో పాడైన నీటికి డీహాలోకోకాయిడ్స్ అనే బాక్టీరియా కావాలి. అది క్లోరిన్ పరమాణువులను ఒక్కొక్కటిగా తొలగించి చివరికి ఇథిలీన్‌ను మిగులుస్తుంది. దానికి అవసరమైన హైడ్రోజన్‌ను పక్కనున్న ఇతర బాక్టీరియా తయారుచేస్తాయి. డీహాలోకోకాయిడ్స్ లేనిచోట చర్య తరచు మధ్యలో నిలిచి, క్యాన్సర్ కారకమైన వినైల్ క్లోరైడ్ పోగవుతుంది.

కాబట్టి బాక్టీరియా చర్యలను మంచివనీ చెడ్డవనీ విడదీయలేం. పొలంలో ఎరువును పోగొట్టే చర్యే భూగర్భజలంలో నైట్రేట్‌ను తగ్గిస్తుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదన్నది భారతీయ ప్రమాణం. నీటి పారుదలనో, ఎరువునో, నేలలో చేరే సేంద్రియ పదార్థాన్నో మార్చినప్పుడల్లా కింద ఊపిరి వరుస కూడా మారుతుంది. దాని ఫలితం బావి నీటిదాకా చేరవచ్చు. ఆ నీరు ఎంత తేటగా ఉన్నా, పరీక్ష చేయించకుండా మంచిదనుకోకూడదు.